భూగర్భజలం – చౌర్యభావన: అనంతపురం కరువు నేల నుంచి ఒక నైతిక పరిశీలన

ప్రశ్న స్వరూపం

అనంతపురం ప్రాంతానికి నైరుతి ఋతుపవనాలను పడమటి కనుమలు అడ్డుకొంటాయి. తీరానికి దూరం కావడం వల్ల ఈశాన్య ఋతుపవనాలు కూడా బలహీనపడి చేరుతాయి. సగటు వార్షిక వర్షపాతం సుమారు 550 మిల్లీమీటర్లు. నేల కింద గ్రానైటు, నైస్ వంటి గట్టి రాయి. కురిసిన కొద్దిపాటి వానలో ఇంకినంత ఇంకి, ఆ రాతి పైపొరలోనూ పగుళ్లలోనూ నిలుస్తుంది. ఈ సీమలో వేరుశనగ వానను నమ్ముకొన్న పంట. చీనీ తోట బోరును నమ్ముకొన్న పంట.

ఇటువంటి చోట ఒక రైతు మూడు వందల అడుగుల బోరుతో చీనీ తోటను సాకుతున్నాడనుకొందాం. గట్టు అవతలి రైతు అప్పు చేసి అంతకు రెట్టింపు లోతుకు బోరు వేయిస్తాడు. అతనికి రెండించుల నీళ్లు పడతాయి. కొన్ని నెలలకు మొదటి బోరు గాలి కక్కుతుంది. పదేళ్లు పెంచిన చెట్లు ఒక వేసవిలో ఎండిపోతాయి. ‘నా నీళ్లు దొంగిలించాడు’ అని మొదటి రైతు అంటాడు. ‘నా భూమిలో నేను తవ్వుకొన్నాను’ అని రెండవ రైతు బదులిస్తాడు.

ఈ రెండు మాటల్లో ఏది సరైనది? ‘దొంగతనం’ అనే మాట ఇక్కడ ఆవేశంలో వచ్చిన అతిశయోక్తియా, లేక న్యాయం గుర్తించవలసిన నేరమా? దొంగతనం కాకపోతే ఇక్కడ తప్పే జరగలేదనవచ్చునా? ఈ ప్రశ్నలను చౌర్యానికి చట్టం చెప్పిన లక్షణాల వెలుగులోనూ, మన సాహిత్యంలోనూ సంప్రదాయంలోనూ ఉన్న ధర్మచింతన వెలుగులోనూ పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

చౌర్యానికి అంగాలు

మన నేరచట్టంలోని చౌర్యభావనకు మూలం ఇంగ్లీషు న్యాయం. మెకాలే అధ్యక్షతన గల సంఘం 1837లో ముసాయిదా సిద్ధం చేసిన భారత శిక్షాస్మృతి 1860లో చట్టమై, 1862 జనవరి 1 నుంచి అమలులోకి వచ్చింది. దాని 378వ సెక్షన్ దొంగతనాన్ని నిర్వచించింది. 2024 జూలై 1 నుంచి అమలవుతున్న భారతీయ న్యాయ సంహితలో 303వ సెక్షన్ అదే నిర్వచనాన్ని నిలుపుకొన్నది. దాని ప్రకారం దొంగతనానికి అయిదు అంగాలుండాలి. వస్తువు చరాస్తి కావాలి. అది మరొకరి స్వాధీనంలో ఉండాలి. ఆ వ్యక్తి సమ్మతి ఉండరాదు. తీసుకొనేవానికి కపటబుద్ధి ఉండాలి. ఆ ఉద్దేశంతో వస్తువును కదిలించి ఉండాలి. వీటిలో ఏ ఒక్కటి లోపించినా దొంగతనం సిద్ధించదు.

ఇంగ్లండులో ప్రస్తుతం అమలులో ఉన్నది 1968 నాటి చౌర్య చట్టం. దాని మొదటి సెక్షన్ కూడా అయిదు అంగాలనే చెబుతుంది: సొంతం చేసుకోవడం, అది ఆస్తి కావడం, మరొకరికి చెందినది కావడం, కపటం, శాశ్వతంగా దూరం చేయాలనే ఉద్దేశం. చివరి అంగం దగ్గర రెండు చట్టాలూ వేరుపడతాయి. భారత చట్టానికి శాశ్వతంగా దూరం చేసే ఉద్దేశం అక్కరలేదు. ఒక విమానాన్ని అనుమతి లేకుండా కొంతసేపు నడుపుకొని పోవడం కూడా దొంగతనమేనని 1957లో కె.ఎన్. మెహ్రా కేసులో సుప్రీంకోర్టు నిర్ణయించింది. ఆ మేరకు భారత చట్టం పరిధి విశాలమైనది. అయినా గట్టు అవతలి బోరు ఆ పరిధిలోకి రాదు.

కారణాలు స్పష్టం. నేలలో భాగంగా ఉన్నంతకాలం ఏ వస్తువూ చరాస్తి కాదు. నేల నుంచి వేరుపడినప్పుడే అది దొంగతనానికి తగిన వస్తువవుతుంది. చెట్టు నిలిచి ఉన్నంతవరకు దాన్ని దొంగిలించడం సాధ్యం కాదు. దొంగిలించే ఉద్దేశంతో నరికి వేరుచేయడంతో నేరం పూర్తవుతుంది. నీటికీ ఇదే న్యాయం. గొట్టాల్లో ప్రవహించే నీరు దొంగతనానికి తగిన ఆస్తియేనని 1883లోనే ఫెరెన్స్ వర్సెస్ ఓబ్రయన్ కేసులో ఇంగ్లీషు న్యాయస్థానం చెప్పింది. తొట్టిలోకి తోడిన నీటిని పొరుగువాడు రాత్రిపూట మళ్లించుకొంటే అది దొంగతనమే. రాతి పగులులో ఉన్న నీరు మాత్రం ఇంకా ఎవరి స్వాధీనంలోనూ లేదు. చెట్టు నేలమీద ఉంటుంది గనుక నరకకముందే దాని యజమాని ఎవరో తెలుస్తుంది. నీటికి ఆ సౌలభ్యం లేదు. పగుళ్లు గట్లను ఎరుగవు. ఈ రోజు ఒకరి పొలం కింద ఉన్న నీరు రేపు మరొకరి పొలం కిందికి పోతుంది.

కపటబుద్ధి అనే అంగం కూడా నిలవదు. చట్టం దృష్టిలో కపటమంటే అక్రమ లాభం గాని, అక్రమ నష్టం గాని కలిగించాలనే ఉద్దేశం. తనకు హక్కు లేని ఆస్తిని చట్టవిరుద్ధమైన మార్గంలో పొందితేనే లాభం అక్రమమవుతుంది. రెండవ రైతు తన పట్టా భూమిలో తన ఖర్చుతో తవ్వుకొన్నాడు. మనుస్మృతి యజమాని ఎదుట బలవంతంగా తీసుకోవడాన్ని సాహసమనీ, అతని పరోక్షంలో తీసుకోవడాన్ని స్తేయమనీ విభజించింది. బోరు బండి మోత ఊరంతా వినిపిస్తుంది కనుక ఇందులో చాటుమాటు లేదు. గట్టు దాటలేదు కనుక బలప్రయోగమూ లేదు. పాత విభాగంలోనూ కొత్త నిర్వచనంలోనూ ఈ చర్యకు చోటు దొరకదు.

1882: ఒక జిల్లా, ఒక సూత్రం

భూగర్భజలాన్ని గురించిన ఇంగ్లీషు సూత్రం పందొమ్మిదవ శతాబ్దంలో మూడు తీర్పులలో స్థిరపడింది. 1843 నాటి ఆక్టన్ వర్సెస్ బ్లండెల్ కేసులో బొగ్గుగని తవ్వకం వల్ల ఒక నూలు మిల్లు బావి ఎండిపోయింది. గని యజమాని బాధ్యుడు కాడని న్యాయస్థానం తేల్చింది. 1859లో చేస్‌మోర్ వర్సెస్ రిచర్డ్స్ కేసులో క్రాయ్‌డన్ పట్టణానికి నీరు తోడడం వల్ల వాండిల్ నదిమీది మిల్లు నష్టపోయినా పరిహారం దక్కలేదు. 1895లో బ్రాడ్‌ఫర్డ్ కార్పొరేషన్ వర్సెస్ పికిల్స్ కేసులో ప్రభువుల సభ మరొక అడుగు ముందుకు వేసింది. పొరుగువానిని ఇబ్బంది పెట్టే దురుద్దేశంతోనే తవ్వినా, తన హక్కు మేరకు చేసిన పని నేరం కాదన్నది. ఈ తీర్పులలో మొదటి దాని ఆధారం అజ్ఞానమే: నేల కింది నీరు ఎటునుంచి ఎటు పోతుందో ఎవరికీ తెలియదు గనుక దానిమీద పరస్పర హక్కులు ఏర్పడవన్నది ఆనాటి తర్కం.

ఈ సూత్రమే 1882 నాటి భారత సుఖభోగ హక్కుల చట్టంలోకి వచ్చింది. నిర్దిష్టమైన కాలువగా ప్రవహించని నేల కింది నీటిని తన హద్దులలో సేకరించి వాడుకొనే హక్కు ప్రతి భూయజమానికీ ఉన్నదని ఆ చట్టం 7వ సెక్షన్‌లోని ఒక ఉదాహరణ చెబుతుంది. మొదట ఈ చట్టం వర్తించిన ప్రాంతాలలో మద్రాసు రాజధాని ఒకటి. బళ్లారి జిల్లా నుంచి విడిపోయి అనంతపురం జిల్లా ఏర్పడింది కూడా 1882లోనే. వాండిల్ నది ఒడ్డున పుట్టిన సూత్రం పెన్న ఒడ్డున కొత్త జిల్లాతోపాటు చట్టమైంది.

ఆ రోజుల్లో ఈ సూత్రం వల్ల ఇక్కడ పెద్ద నష్టం జరగలేదు. అప్పటి బావి మనుషులు గడ్డపారలతో తవ్వినది. నీరు తోడినది కపిల. రెండు ఎద్దుల సత్తువ ఎంతో, ఒక రోజు తోడే నీరు అంత. తోడేవాని హక్కుకు చట్టంలో హద్దు లేకపోయినా ఎద్దు మెడలో హద్దు ఉండేది. సబ్‌మెర్సిబుల్ మోటారు, బోరు బండి ఆ హద్దును తొలగించాయి. 2004 నుంచి వ్యవసాయానికి ఉచిత విద్యుత్తు అందడంతో ఖర్చు అనే అడ్డంకి కూడా చాలావరకు తొలగింది. చట్టంలోని వాక్యం మాత్రం మారలేదు. కపిల నాటి హక్కును మోటారు చేతికి ఇవ్వడంలోనే ఈనాటి సమస్య ఉంది.

విద్వాన్ విశ్వం 1956 నాటి ‘పెన్నేటి పాట’లో నీటి లేమి ఒక సీమ అంతటి దుఃఖంగా కనిపిస్తుంది. బోర్లు వచ్చాక అదే లేమి ఒకరి లాభంగా, మరొకరి నష్టంగా చీలింది. నింద పెన్న నుంచి పొరుగువాని మీదికి మళ్లడం ఈ చీలిక ఫలితమే.

దొంగతనమని చట్టం చేస్తే?

చట్టంలో చోటు లేకపోతే చోటు కల్పించవచ్చు కదా అనే వాదం సహజంగా వస్తుంది. దీనికి విద్యుత్తు మంచి ఉదాహరణ. విద్యుత్తు చరాస్తి కాదు. కాబట్టి సాధారణ నిర్వచనం ప్రకారం దాన్ని దొంగిలించడం సాధ్యం కాదు. 1910 నాటి విద్యుత్ చట్టం 39వ సెక్షన్ దాన్ని దొంగతనంగా భావించాలని ప్రత్యేకంగా ఆదేశించింది. ఆ నేరం శిక్షాస్మృతి నుంచి కాక ఈ సెక్షన్ నుంచే పుట్టిందని 1965లో అవతార్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు వివరించింది. ఇప్పుడు 2003 నాటి చట్టంలోని 135వ సెక్షన్ ఆ పని చేస్తున్నది. ఫలితంగా ఒక వైచిత్రి ఏర్పడింది. మోటారుకు దొంగచాటుగా కరెంటు తగిలించుకొంటే దొంగతనం. ఆ మోటారు పక్క పొలం నీటినంతటినీ లాగేస్తే దొంగతనం కాదు.

అయితే విద్యుత్తుకూ భూగర్భజలానికీ ఒక మౌలికమైన భేదముంది. విద్యుత్తుకు ఉత్పత్తిదారుడున్నాడు, సరఫరా సంస్థ ఉంది, కొలిచే మీటరుంది. ఎవరి సొత్తు పోయిందో చెప్పడం సులభం. భూగర్భజలాన్ని దొంగతనానికి తగిన వస్తువుగా ప్రకటిస్తే ఆ నేరంలో బాధితుడెవరు? ముందు బోరు వేసినవాడని చెప్పక తప్పదు. అప్పుడు ముందు తవ్వినవాడే యజమాని అవుతాడు.

ఇక్కడే నైతికమైన చిక్కు మొదలవుతుంది. ముందు బోరు వేయగలిగినవారు చేతిలో డబ్బున్నవారు, అప్పు పుట్టించుకోగలిగినవారు. తరతరాలుగా వానమీదనే బతికి, ఆలస్యంగా తన రెండెకరాల్లో మొదటి బోరు వేసుకొన్న రైతు ఈ చట్టం కింద దొంగ అవుతాడు. ఇరవై ఏళ్లుగా అదే రాతి పగుళ్లనుంచి తోడుకొన్నవాడు సొత్తు పోగొట్టుకొన్నవాడవుతాడు. నిజానికి మొదటివాడు తోడిన ప్రతి బిందువు కూడా అందరి నేల కిందనుంచి వచ్చినదే. అతడు ఎవరినీ అడగలేదు. దొంగతనమనే పేరు మొదటివాని వాడకాన్ని ఆస్తిగా మార్చి, రెండవవాని అవసరాన్ని నేరంగా మారుస్తుంది. బోరు లేని రైతుకు, భూమి లేని కూలికి అది ఏ రక్షణా ఇవ్వదు. తాగునీటి బావి ఎండిన ఊరికి కూడా ఆ చట్టం కింద ఫిర్యాదు చేసే అర్హత ఉండదు.

కనుక చట్టం దీన్ని దొంగతనం అనకపోవడం లోపం కాదు. దొంగతనమనే భావనకు ముందుగా ఒకరి సొంతం కావాలి. సొంతం కాని దాన్ని పంచుకోవడంలో జరిగే అన్యాయానికి ఆ మాట సరిపోదు. ఇంగ్లీషు సూత్రం చేసిన పొరపాటు వేరు. దొంగతనం కాదు గనుక తప్పే లేదని అది తీర్మానించింది. ఒక చర్య నేరం కాదనడానికీ అది నిర్దోషమనడానికీ మధ్య ఉన్న దూరాన్ని అది గుర్తించలేదు.

శంఖలిఖితుల వృత్తాంతం

ఈ దూరాన్ని గుర్తించిన కథ మహాభారత శాంతిపర్వంలో ఉంది. ధర్మరాజుకు దండనీతి అవసరాన్ని బోధిస్తూ వ్యాసుడు శంఖలిఖితుల వృత్తాంతం చెబుతాడు. బాహుదా నదీతీరంలో ఇద్దరు అన్నదమ్ములకు వేర్వేరు ఆశ్రమాలు. అన్న శంఖుడు లేని సమయంలో తమ్ముడు లిఖితుడు అతని ఆశ్రమానికి వచ్చి పండ్లు కోసుకొని తింటాడు. అన్న తిరిగివచ్చి, ఇది దొంగతనమని చెప్పి, రాజు దగ్గరకు వెళ్లి శిక్ష అడగమంటాడు. సుద్యుమ్న మహారాజు క్షమించబోయినా లిఖితుడు ఒప్పుకోడు. చేతులు ఖండింపబడతాయి. అన్న ఆజ్ఞతో బాహుదలో స్నానం చేయగా చేతులు తిరిగి వస్తాయి.

ఈ కథను శిక్షాస్మృతి ముందుంచితే లిఖితుడు నిర్దోషి. 378వ సెక్షన్‌లోని ఒక ఉదాహరణలో స్నేహితుడు ఇంట లేనప్పుడు అతని గ్రంథాలయం నుంచి చదువుకోవడానికి పుస్తకం తీసుకెళ్లే వ్యక్తి కనిపిస్తాడు. సమ్మతి ఉంటుందని నమ్మాడు గనుక అతడు దొంగ కాడు. ఇంగ్లండు చట్టం కూడా యజమాని తెలిస్తే ఒప్పుకొనేవాడే అనే నమ్మకంతో తీసుకొన్నవానిలో కపటం లేదంటుంది. అన్న తోటలో పండు కోసిన తమ్మునికి ఇంతకంటె ఏం కావాలి? అయినా శంఖుడు తప్పు ఉన్నదంటున్నాడు.

ఆ తప్పు పండు విలువలో లేదు. ఇద్దరికీ సంబంధించిన విషయాన్ని ఒక్కడే నిర్ణయించుకోవడంలో ఉంది. అన్న ఒప్పుకొంటాడా అనే ప్రశ్నకు తమ్ముడు తానే జవాబు చెప్పుకొన్నాడు. బోరు వేసిన రైతులిద్దరి విషయమూ ఇదే. వారిలో ఎవరికీ కపటబుద్ధి లేదు. ఎవరూ మరొకరి సొత్తును ముట్టలేదు. అందరినీ అడిగి నిర్ణయించవలసినదాన్ని ప్రతి ఒక్కరూ తమ గట్టు లోపల ఒంటరిగా నిర్ణయించుకొన్నారు.

కథలో గమనించవలసిన విషయం మరొకటి ఉంది. ముందే తనను పవిత్రుని ఎందుకు చేయలేదని లిఖితుడు అడిగినప్పుడు, శిక్షించే అధికారం తనది కాదని శంఖుడు బదులిస్తాడు. నష్టపోయినవాడే తీర్పరి కాలేడు. బోరు ఎండిన రైతు నిందకు కూడా ఈ పరిమితి ఉంది. అతని బాధ నిజమైనదే. తీర్పు మాత్రం ఇద్దరికీ పైనున్న ఒక ఉమ్మడి వ్యవస్థ నుంచి రావాలి.

వంతు అనే ధర్మం

అటువంటి వ్యవస్థ ఈ సీమకు కొత్త కాదు. విజయనగర కాలంలో ఇక్కడి సేద్యం చెరువుమీద నడిచింది. బుక్కరాయసముద్రం చెరువు ఆ కాలపు నిర్మాణమే. పక్కనే కడప సీమలోని పోరుమామిళ్ల చెరువు శాసనం 1369 నాటిది. చెరువు నిర్మాణానికి కావలసిన పన్నెండు అంగాలను, తొలగించవలసిన ఆరు దోషాలను అది పేర్కొంటుంది. చెరువులను తవ్వించి కాపాడినవారికి దశబంధ మాన్యాలుండేవి. తూము తెరిచి పొలాలకు వరుసగా నీరు పారించే బాధ్యత నీరుగంటిది.

ఈ వ్యవస్థలో నీటి విషయమైన ప్రధాన దోషం దొంగతనం కాదు; వంతు తప్పడం. చెరువు నీరు ఏ ఒక్కరి సొత్తూ కాదు గనుక సొత్తు పోయిందనే మాటకు తావులేదు. ప్రతి పొలానికి ఒక వరుస ఉంది. ఆ వరుసను మీరినవాడు పొరుగు రైతుకు మాత్రమే కాక ఆయకట్టు అంతటికీ సమాధానం చెప్పుకోవాలి. శిక్షాస్మృతి కూడా వ్యవసాయపు నీటిని అక్రమంగా మళ్లించి తగ్గించడాన్ని దొంగతనం కింద చేర్చలేదు. 430వ సెక్షన్‌లో నష్టం కలిగించే నేరాల కింద ఉంచి, అయిదేళ్ల వరకు శిక్ష విధించింది. అది దొంగతనానికి విధించిన మూడేళ్ల కంటె ఎక్కువ. ఉమ్మడి నీటి విషయంలో జరిగే తప్పు వేరు జాతిదని చట్టానికి కూడా తెలుసుననడానికి ఇది నిదర్శనం.

పాత చెరువు వ్యవస్థను ఆదర్శంగా చిత్రించడం కూడదు. వంతు ఆయకట్టులో భూమి ఉన్నవారికే దక్కింది. కులమూ పెత్తనమూ వరుసను శాసించిన సందర్భాలను కాదనలేం. అయినా అందులోని ఒక భావన నిలుపుకోదగినది: నీటిని తీసుకొనే హక్కు, ఇతరుల వరుసను గుర్తించే బాధ్యత ఒకే మాటలో ఇమిడి ఉన్నాయి. ‘వంతు’ అన్నప్పుడు రెండవ మనిషి తప్పనిసరిగా ఉంటాడు. ‘నా నీళ్లు’ అన్నప్పుడు ఉండడు.

ఆధునిక చట్టం ఈ దిశగా కొంత కదిలింది. 2002లో వచ్చిన ఆంధ్రప్రదేశ్ నీరు, భూమి, చెట్ల చట్టం బావుల నమోదును, కొత్త బోరుకు అనుమతిని విధించింది. తాగునీటి వనరుకు 250 మీటర్ల లోపు బోరు వేయడాన్ని కట్టడి చేసింది. కేరళలోని ప్లాచిమడ వివాదంలో భూగర్భజలం ప్రజల తరఫున ప్రభుత్వం కాపాడవలసిన సంపద అని 2003లో హైకోర్టు ఏకసభ్య ధర్మాసనం చెప్పింది. 2005లో ద్విసభ్య ధర్మాసనం ఆ అభిప్రాయాన్ని అంగీకరించలేదు. ఈ చర్చలన్నీ భూయజమాని, ప్రభుత్వం అనే రెండు కొసల మధ్య నడిచాయి. అనుమతి పత్రం రైతుకూ అధికారికీ మధ్య వ్యవహారం. గట్టు అవతలి మనిషిని అడగవలసిన అవసరాన్ని అది కల్పించదు.

ఆ అవసరాన్ని గుర్తించిన ప్రయత్నం ఒకటి ఈ శతాబ్దపు తొలి దశకంలో అనంతపురం సహా ఏడు కరువు జిల్లాల్లో జరిగింది. ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ తోడ్పాటుతో నడిచిన ఆ భూగర్భజల నిర్వహణ పథకంలో రైతులే వానను కొలిచారు, బోర్లలో నీటిమట్టాన్ని కొలిచారు. యాసంగికి ముందు ఊరంతా కూర్చొని ఉన్న నీరెంత, వేయదలచిన పంటలకు కావలసినదెంత అని లెక్క వేసుకొన్నారు. నిషేధం లేదు, జరిమానా లేదు. ఏ పంట వేయాలో ఎవరికి వారే నిర్ణయించుకొన్నారు. ఇంగ్లీషు సూత్రానికి ఆధారమైన అజ్ఞానం ఈ లెక్కతో తొలగిపోతుంది. పొరుగువానికి ఎంత మిగులుతుందో తెలిసిన తర్వాత తోడేవాడు, తెలియక తోడినవాడు నైతికంగా ఒకటి కారు.

ముగింపు

చౌర్యానికి చట్టం చెప్పిన అంగాలను ఒక్కొక్కటిగా పరిశీలించినప్పుడు పొరుగు బోరును ఎండగట్టిన రైతు దొంగ కాడని తేలుతుంది. అతన్ని దొంగను చేసే చట్టం తెస్తే అది ముందు తోడినవానికి యాజమాన్యం కట్టబెట్టి, ఆలస్యంగా వచ్చిన పేదను శిక్షిస్తుంది. అయినా అతడు నిర్దోషి కాడు. అతనికంటె ముందు తోడినవాడూ నిర్దోషి కాడు. ఇద్దరి దోషమూ వంతు అడగకపోవడమే. ఆ దోషానికి తగిన మాట ఇంగ్లీషు న్యాయం నుంచి అరువు తెచ్చుకొన్న శిక్షాస్మృతిలో లేదు. తూము దగ్గర నిలబడిన నీరుగంటి భాషలో ఉంది.

చెరువు నీరు కంటికి కనిపిస్తుంది గనుక దానికి వంతు ఏర్పడింది. రాతి పగులులోని నీరు కనిపించదు. దాన్ని కొలిచి ఊరి ముందు పెట్టే పని జరిగినప్పుడు మాత్రమే దానికీ వంతు ఏర్పడుతుంది. అంతవరకు ఎండిన చీనీ తోట యజమాని నింద న్యాయస్థానంలో నిలవదు, అతని పొరుగువాని సమాధానం ధర్మం ముందు నిలవదు.